తెలివైన తాడు

ప్రభుత్వోద్యోగికి సొంత అభిప్రాయాలు ఉండరాదని సనపల త్రినాథరావుకి ఉద్యోగంలో చేరిన మొదటిరోజే చెప్పారు. అతను పందొమ్మిదేళ్ళపాటు ఆ మాటకి కట్టుబడి, తనకున్న నాలుగు అభిప్రాయాల్నీ టీ గ్లాసు దాటి బయటికి పోనివ్వలేదు. తీరా చూస్తే జూన్ నెల మొదటి మంగళవారంనాడు, అభిప్రాయాలు పంపనందుకు సంజాయిషీ ఇమ్మని మెమో వచ్చింది.

త్రినాథరావు నాగులగెడ్డ అనే వాగు మీది రిజర్వాయరుకి అసిస్టెంటు ఇంజనీరు. అక్కడ ఉన్నవి ఐదు గేట్లు, ఒక మట్టి గట్టు, గట్టు కింద మూడు ఊళ్ళు. వీటన్నిటికీ కలిపి లస్కరు ఒక్కడే, పోలినాయుడు. గేట్లెత్తడం, దించడం, గ్రీజు రాయడం, నీటిమట్టం చూసి పలక మీద సుద్దతో రాయడం అతని ఉద్యోగం. సాయంత్రం నాలుగింటికి టీ కాచి, ఇంజనీరు బాబు చెప్పే కబుర్లు వినడం కూడా అతని ఉద్యోగమే, కాకపోతే అది ఏ రూల్లోనూ రాసి లేదు.

ఇక మూడో గేటు తాడు సంగతి. గేటుని పైకెత్తే ఆ ఇనప తాడు నలభై ఒక్కేళ్ళనాటిది. ఆరు పేటల తాడు. రెండు పేటలు ఎప్పుడో తెగి, విరబోసుకున్న జుట్టులా వేలాడుతున్నాయి. మామూలు వానకి నాలుగు గేట్లు చాలు. తుపాను వచ్చిందంటే ఐదూ లేవాలి. లేవకపోతే నీళ్ళు గట్టు మీంచి పొర్లుతాయి, మట్టిగట్టు పొర్లిందంటే ఇక దాన్ని ఆపేవాడు లేడు. ఈ ముక్కే త్రినాథరావు నాలుగేళ్ళలో పదకొండు ఉత్తరాల్లో రాశాడు. పదకొండింటికీ "పరిశీలనలో ఉన్నది" అనే జవాబొచ్చింది. పరిశీలించడానికి మాత్రం ఒక్కడూ రాలేదు.

మెమో సంగతికొస్తే, ఆ రోజుల్లో ఎవర్ని కదిపినా కృత్రిమ మేధే. చదువుకి అదే, వైద్యానికి అదే, బంతిపూల సాగుకీ అదే. రాజధానిలో పెద్దలు "మన శాఖలో ఎందుకు లేదు?" అని అడిగారు. ఎందుకు లేదో ఎవరికీ తెలియలేదు గనక ఒక సర్క్యులరు తీశారు. అది ఇలా ఉంది:

"కృత్రిమ మేధ, ఆధునిక సాంకేతికత మరియు వైజ్ఞానిక కల్పనా సాహిత్యములపై క్షేత్రస్థాయి ఇంజనీర్ల యథాలాప అభిప్రాయములు సేకరించుటకు నిర్ణయించడమైనది. అభిప్రాయము విధిగా యథాలాపముగా ఉండవలెను. ముందుగా ఆలోచించి చెప్పిన అభిప్రాయములు తిరస్కరింపబడును. అభిప్రాయము వెలువడు సమయమున పైఅధికారి స్వయముగా హాజరై, సదరు ఇంజనీరు ఏమాత్రము ఆలోచించలేదని ధ్రువీకరించవలెను. మూడు ప్రతులు."

దీని వెనక ఒక అనుబంధం కూడా ఉంది. సైన్సు కథల్లోనూ సినిమాల్లోనూ మనుషుల మీద తిరగబడిన యంత్రాల జాబితా, తిరగబడే ముందు అవి తగిన అధికారి అనుమతి తీసుకున్నవీ లేనివీ, పట్టిక రూపంలో నింపి పంపాలి.

ఆ సాయంత్రం త్రినాథరావు పోలినాయుడికి అదంతా చదివి వినిపించాడు.

"అయితే బాబూ, ఆ మిసనుకి నిజంగా తెలివొచ్చీసిందనుకోండి, మనల్ని సంపేత్తాదా?" అన్నాడు పోలినాయుడు, గ్లాసులోకి టీ వంపుతూ.

"సినిమాల్లో చంపుతుందిలే. తెలివి రాగానే ప్రపంచాన్ని ఏలాలనుకుంటుంది పాపం. నాకు తెలివొచ్చి ముప్ఫై ఏళ్ళయింది, క్యాజువల్ లీవు తప్ప ఇంకేమైనా అడిగానా? అది కూడా ఇవ్వలేదు. ఆ కథలు రాసేవాళ్ళు ఒక్కసారి మన డివిజనాఫీసుకి రావాలయ్యా. రోబో కాదు, దాని తాత వచ్చినా ఇన్‌వర్డు నంబరు వేయించుకునేసరికి ప్రపంచాన్ని ఏలే ఉత్సాహం చచ్చిపోతుంది."

పోలినాయుడు కడుపుబ్బ నవ్వాడు. మర్నాడే మెమోకి కొనసాగింపుగా ఫోనొచ్చింది. సూపరింటెండింగ్ ఇంజనీరు వరాహమూర్తిగారు అభిప్రాయం వినడానికి స్వయంగా బయల్దేరుతున్నారు.

వరాహమూర్తిగారు మాట్లాడితే అచ్చయిన ఉత్తర్వు చదివినట్టుంటుంది. ఆయనతోపాటు సెక్షన్ సూపరింటెండెంటు హైమావతిగారు వచ్చారు. ఆ ఆఫీసులో రూల్సన్నీ చదివిన మనిషి ఆవిడొక్కతే. ఆవిడ సంచిలో రూల్సు పుస్తకం, చేతిలో షార్ట్‌హ్యాండు నోటుబుక్కు.

"ఊఁ, ప్రారంభించండి," అన్నారు వరాహమూర్తిగారు త్రినాథరావు ఆఫీసు గదిలో కుర్చీలో సర్దుకుని. "యథాలాపంగా చెప్పాలి. ఆలోచిస్తున్నట్టు నాకు అనుమానం వస్తే సంతకం పెట్టను."

"ఏం చెప్పమంటారండీ?"

"అది కూడా ఆలోచించకూడదు. హైమావతిగారూ, అతని చేతికి టీ ఇప్పించండి. టీ లేకుండా యథాలాపం రాదు."

పోలినాయుడు టీ తెచ్చాడు. త్రినాథరావుకి కిటికీలోంచి మూడో గేటు కనిపిస్తోంది. దాన్ని చూసేసరికి నాలుగేళ్ళ మంట ఒక్కసారిగా నెత్తికెక్కింది.

"సార్, తెలివంటే ఏమిటండీ అసలు? చెప్పిన పని చెయ్యాలి, చెప్పనప్పుడు నోరుమూసుకు కూర్చోవాలి, అవసరంలో మొండిచెయ్యి చూపకూడదు. అంతే కదండీ? ఆ లెక్కన గేటు తాడు కంటే తెలివైన యంత్రం మన శాఖలో లేదు. ఎత్తమన్నప్పుడు ఎత్తుతుంది. ఎంత బరువు మోయాలో ఎవరూ చెప్పకుండానే దానికి తెలుసు. నన్నడిగితే మూడో గేటుకి కొత్త తాడు కొనండి. అదే ఏఐ, అదే సైన్సు ఫిక్షను."

త్రినాథరావు నాలిక కరుచుకున్నాడు. ఇక సస్పెన్షనే అనుకున్నాడు.

వరాహమూర్తిగారు మెల్లిగా లేచి నిలబడ్డారు. "ఏమాత్రం ఆలోచించకుండా చెప్పారు," అన్నారు గద్గద స్వరంతో. "ఇంత యథాలాపమైన అభిప్రాయం నా సర్వీసులో వినలేదు. హైమావతిగారూ, ప్రతి అక్షరం రాసుకున్నారా?"

"రాశానండి," అందావిడ. ఆవిడ త్రినాథరావు వంక ఒక చూపు చూసింది గానీ, ఆ చూపుకి అర్థం అప్పుడు అతనికి తెలియలేదు.

పదకొండు ఉత్తరాలకి కదలని ఫైలు పదకొండు రోజుల్లో పరుగెత్తుకుంటూ వచ్చింది. "స్వదేశీ యాంత్రిక మేధ, నాగులగెడ్డ నమూనా" పేరిట అరవై మీటర్ల ఇనప తాడు మంజూరైంది. జూలై మొదట్లో లారీ వచ్చింది. లారీకి మామిడి తోరణాలు, తాడుకి బంతిపూల దండ. పోలినాయుడు పొద్దున్నే తలంటుకుని, గేటు మీది కప్పీలన్నీ కిరసనాయిలుతో తుడిచి, గ్రీజు డబ్బా పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు. త్రినాథరావుకి కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. ఏ దారిన వస్తేనేం, తాడొచ్చింది.

లారీ గేటు వైపు తిరగలేదు. తిన్నగా ఇన్స్‌పెక్షన్ బంగళాలోకి పోయింది.

"సార్! తాడు ఇటు కదండీ!" అని త్రినాథరావు పరుగున వెళ్ళేసరికి, వరాహమూర్తిగారు బంగళా మెట్ల మీద నిలబడి ఉత్తర్వు చదువుతున్నారు.

"మేధో పరికరములను ధూళికి, ఎండకు, తేమకు మరియు సిబ్బందికి దూరముగా, శీతలీకరించిన గదియందు భద్రపరచవలెను. నీటివనరులకు వంద మీటర్లలోపు ఉంచరాదు. త్రినాథరావుగారూ, మీ గేటు నీటివనరుకి ఎంత దూరం?"

"గేటు నీళ్ళలోనే ఉంటుందండి."

"చూశారా మరి! ఏఐని నీళ్ళలో ముంచుతారుటండీ? ఇన్నేళ్ళ సర్వీసు ఉండి మీరేనా ఈ మాట అనేది?"

తాడుని ఏసీ గదిలో, అద్దాల పెట్టెలో చుట్టబెట్టి పెట్టారు. తలుపు మీద "నిశ్శబ్దము. తాడు నేర్చుకొనుచున్నది" అని బోర్డు. పక్క ఊరి కాలేజీ పిల్లలు వరసల్లో వచ్చి చూసిపోయారు. ఐదు గేట్లకి ఒక లస్కరు ఉన్నచోట ఒక తాడుకి ఇద్దరు కాపలావాళ్ళని వేశారు. తాడు దగ్గరికి వెళ్ళాలంటే పాస్‌వర్డు చెప్పాలి. అది కాపలావాళ్ళకి చెప్పడం మరిచిపోయారు గనక, ఎవరేం చెప్పినా లోపలికి పంపేసేవారు.

ప్రతి సోమవారం త్రినాథరావు ఒక నివేదిక పంపాలి, "ఈ వారము తాడు నేర్చుకొనిన విషయములు" అని. మొదటి వారం "ఏమీ లేదు" అని రాశాడు. శాఖవారి మేధ నేర్చుకోకపోవడానికి పర్యవేక్షణలోపం కారణం కాదని నిరూపించమంటూ మెమో వచ్చింది. రెండో వారం "ఓపిక" అని రాశాడు. మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది. అప్పట్నించి అతను తనకి ఆ వారం ఏం బుద్ధొచ్చిందో అదే తాడు పేరు మీద రాసి పంపేస్తూ వచ్చాడు. జూలై పోయింది, ఆగస్టు పోయింది. బయట మూడో గేటు మీద పాత తాడు మూడో పేట కూడా తెగింది.

అక్టోబరు రెండో వారం సోమవారంనాడు బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టింది. బుధవారం రాత్రికి తీరం దాటుతుందని, అతి భారీ వర్షాలని రేడియో చెప్పింది. ఆ రోజు పోలినాయుడు టీ కాయలేదు.

"బాబూ, నా కొంప గట్టు కిందే ఉంది," అన్నాడు గేటు రెయిలింగు పట్టుకుని. "ముసల్ది మంచం మీదుంది, గేదె ఈనడానికుంది. మూడు పేటలు తెగిపోనాయి. ఎత్తినామా, సగంలో తెగిపోతాది. ఆ తాడుకేమో సల్లగా ఏసీలో పడకేసినారు. అదేటి నేర్సుకుంతన్నాదో నాకు తెల్దు గానీ, దాన్నో పాలి ఇలగ పంపించండి బాబూ, గేటెత్తడం నాను నేర్పుతాను."

పోలినాయుడు పందొమ్మిదేళ్ళుగా అతని ప్రతి సొల్లుకబురునీ విన్నాడు. ఆ గేటుని చూస్తూ తాడు గురించి గొప్పగా వాగిన నోరు తనదే. ఆ నోరు ఊరుకుని ఉంటే తాడు ఏఐ అయ్యేది కాదు, ఉక్కు తాడుగానే ఎక్కడో గోదాంలో ఉండేదేమో, దొంగిలించుకుని అయినా తెచ్చుకునేవాళ్ళు. తనని తాను నాలుగు తిట్టుకుని, మోటారు సైకిలెక్కి డివిజనాఫీసుకి పోయాడు.

వరాహమూర్తిగారు అంతా విన్నారు. ఆయన రాయి మనిషేం కాదు, నిజంగానే బాధపడ్డారు. "దరఖాస్తు పెట్టండి," అన్నారు. "మేధో పరికరం స్థానచలనానికి రాజధాని అనుమతి కావాలి. అత్యవసరం అని ఎర్రసిరాతో రాస్తే నలభై ఐదు రోజుల్లో వస్తుంది."

"ఎల్లుండికి వరదండీ!"

"అయితే వరదని కూడా దరఖాస్తులో పేర్కొనండి."

త్రినాథరావు బయటికొచ్చి వరండాలో బల్ల మీద కూలబడ్డాడు. ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, రెండూ కలిసి దగ్గొచ్చింది. హైమావతిగారు రూల్సు పుస్తకం చంకన పెట్టుకుని వచ్చి పక్కనే కూర్చుంది.

"చూడు బాబూ త్రినాథ్," అంది నెమ్మదిగా. "దాన్ని గదిలోంచి బయటికి తేవడానికి రూలు లేదు. బయట పారెయ్యడానికి మాత్రం ఉంది. నలభై నాలుగో పేజీ. కొత్త వెర్షన్ వస్తే పాత వెర్షన్‌ని ఆ క్షణమే తీసెయ్యాలి, గదిలో ఉంచడం నేరం. దానికి రాజధాని అనుమతి అక్కర్లేదు."

"తాడుకి కొత్త వెర్షనేమిటండీ?"

"అది నాకేం తెలుసు? ఇంజనీరువి నువ్వు. క్షేత్రస్థాయి ఇంజనీరు అభిప్రాయం చాలని రాసుంది." ఆవిడ పుస్తకం మూసింది. "యథాలాపంగా చెప్పాలి సుమా. పద, లోపలికి టీ పంపిస్తాను."

త్రినాథరావు ఆవిడ వంక అలా చూస్తూ ఉండిపోయాడు. జూన్‌లో ఆవిడ చూసిన చూపు ఇదే. తర్వాత లేచి, ముఖం కడుక్కుని, లోపలికి వెళ్ళాడు.

"సార్, శుక్రవారం రాజధాని నించి ప్రత్యేకాధికారిణిగారు తాడుని చూడ్డానికి వస్తున్నారు కదండీ," అన్నాడు టీ చప్పరిస్తూ. "పాపం, పాత వెర్షను చూసి ఏమనుకుంటారో."

వరాహమూర్తిగారి చేతిలో కలం ఆగిపోయింది. "పాతదేమిటండీ? జూలైలో కదా వచ్చింది!"

"ఏఐ కదండీ. మూణ్ణెల్లంటే ముసలితనమే. కొత్త వెర్షను ఎప్పుడో వచ్చేసింది."

"ఎక్కడుంది? ఎవరి దగ్గరుంది? మనకి ఎందుకు తెలియజేయలేదు?"

"మన దగ్గరే ఉందండి. మూడో గేటు మీద. దీనికి మూణ్ణెల్ల శిక్షణే, అదీ గదిలో. దానికి నలభై ఒక్కేళ్ళ శిక్షణ, నీళ్ళలో. ఎన్ని వానలు, ఎన్ని వరదలు! అంత డేటా ఇంకెక్కడా లేదండి."

"నలభై ఒక్కేళ్ళ డేటా!" వరాహమూర్తిగారు కుర్చీలోంచి లేచారు. వెంటనే ముఖం చిట్లించారు. "కానీ దానికి మూడు పేటలు తెగాయని మీరే రాశారు."

"అక్కర్లేనివి వదిలించుకుందండి. తక్కువతో ఎక్కువ పని చెయ్యడమే కదండీ ఇప్పుడు పద్ధతి."

ఇది విని వరాహమూర్తిగారు ఒక్క నిమిషం కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి ఉత్తర్వు ఆయన నోట్లో తయారుగా ఉంది. "కాలంచెల్లిన మొదటి వెర్షనును తక్షణమే తొలగించి, పారవేయు నిమిత్తము లస్కరుకు అప్పగించవలెను. రెండవ వెర్షనును గౌరవప్రదముగా గదిలోనికి తరలించవలెను. పారవేయు స్థలము..." అని ఆగారు. "ఎక్కడ పారేస్తారు?"

"గెడ్డలో పారేస్తామండి. మూడో గేటు దగ్గర, లోతు ఎక్కువ."

"మంచిది. మళ్ళీ ఎవరి కంటా పడకూడదు."

మంగళవారం పొద్దున్న పోలినాయుడు, అతని ఊరి నించి వచ్చిన పన్నెండుమంది, పాత తాడుని దించి తడిగుడ్డతో తుడిచి, ఉత్తర్వు ప్రకారం గౌరవప్రదంగా భుజాల మీద మోసుకెళ్ళి అద్దాల పెట్టెలో పెట్టారు. కొత్త తాడుని గెడ్డలో పారేశారు. అంటే కప్పీల మీంచి పారేసి, డ్రమ్ముకి చుట్టి, గేటుకి బిగించి, గ్రీజు రాశారు. పారెయ్యడానికి ఆ పగలంతా పట్టింది.

గురువారం తెల్లవారేసరికి గెడ్డ ఎర్రగా, ఒడ్లు తెగేట్టు వచ్చింది. నాలుగు గేట్లు ఎత్తినా నీటిమట్టం పలక మీద అంగుళాలంగుళాలుగా ఎక్కుతూనే ఉంది. గట్టుకి రెండడుగులు మిగిలింది. వానలో తడుస్తూ పోలినాయుడు మూడో గేటు చక్రం పట్టుకున్నాడు. త్రినాథరావు రెండో వైపు పట్టుకున్నాడు. చక్రం తిరిగింది, తాడు బిగిసింది, ఒక్కసారి కిర్రుమంది. గేటు లేచింది. కింద నీళ్ళు దబ్బున బయటపడ్డాయి.

"లేసింది బాబూ! లేసింది!" అని అరిచాడు పోలినాయుడు. త్రినాథరావు అతని తడిసిన భుజం గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. మధ్యాహ్నానికి మట్టం దిగడం మొదలైంది. మూడు ఊళ్ళలో ఒక్క గుమ్మం కూడా తడవలేదు. పోలినాయుడి గేదె ఆ సాయంత్రం ఈనింది.

శుక్రవారం ప్రత్యేకాధికారిణిగారు వచ్చారు. చెప్పులు బయట విడిచి, ఏసీ గదిలోకి వెళ్ళి, తుప్పు పట్టిన పాత తాడు ముందు చాలాసేపు నిలబడ్డారు. మూడు తెగిన పేటలు ఏసీ గాలికి మెల్లిగా ఊగుతున్నాయి.

"నిన్నటి వరదను నివారించినది ఇదేనా?" అన్నారు.

"చిత్తం మేడమ్," అన్నారు వరాహమూర్తిగారు.

"ఈ గదిలోంచి కదలకుండానే?"

"అడుగు బయట పెట్టలేదు మేడమ్. అదే దాని ప్రత్యేకత."

మేడమ్‌గారు తాడుకి ప్రశంసాపత్రం ఇచ్చారు. దాన్ని పెట్టె మీద అతికించారు. అదే రోజు పోలినాయుడికి మెమో అందింది, మంగళవారంనాడు మేధో గదిలోకి తడికాళ్ళతో ప్రవేశించినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని. పోలినాయుడు దాన్ని మడిచి, గ్రీజు డబ్బా మూత కింద పెట్టుకున్నాడు. మూత కొన్నాళ్ళుగా వదులుగా ఉంది.

వెళ్ళబోతూ మేడమ్‌గారు త్రినాథరావు వైపు తిరిగారు. "ఈ తాడుని కనిపెట్టింది మీరేనట. ఈ సాంకేతికత భవిష్యత్తు ఏమిటంటారు? మీ అభిప్రాయం చెప్పండి. యథాలాపంగానే."

త్రినాథరావు కిటికీలోంచి గెడ్డ వైపు చూశాడు. నాలుగో గేటు తాడుకి నిన్నటి వరదలో రెండు పేటలు తెగాయి. గుమ్మం దగ్గర హైమావతిగారు చేతిలో టీ గ్లాసుతో అప్పటికే నిలబడి ఉంది.

"ఇంకో తాడు కొనాలండి," అన్నాడు గ్లాసు అందుకుంటూ. "కొని, ఈ గదిలోనే పెట్టి, పాతబడనివ్వాలి."

"ఎంతకాలం పడుతుంది?"

"మొదటిసారి మూణ్ణెల్లు పట్టిందండి. ఇప్పుడు శాఖకి అనుభవం వచ్చింది కదా, పొద్దున్న తెస్తే మధ్యాహ్నానికల్లా పాతబడిపోతుంది."

మేడమ్‌గారు తల ఊపి రాసుకున్నారు. "మూడు ప్రతులు," అన్నారు వరాహమూర్తిగారు హైమావతిగారితో.